గోడా, గుంజలా, పట్టీలా: విడిగా ఉన్న కార్‌పూల్ లేన్‌ని మ్యాపులో ఎట్ల గీయాలె?

పోయిన ఎండాకాలం ఒకరోజు రాత్రి హైదరాబాద్ నుంచి నల్గొండ వస్తున్నం, పదిన్నర దాటింది, వెనక సీట్ల అమ్మ పండుకున్నది. చిట్యాల దాటినంక ఫోన్ల మ్యాప్ సప్పుడు లేదు. నార్కట్‌పల్లి కాడ నల్గొండకు మర్లాలంటే ఫ్లైఓవర్ ఎక్కక ముందే సర్వీస్ రోడ్డులకు దిగాలె, ఈ ముచ్చట మా జిల్లోళ్లందరికి తెలుసు, కానీ ఆరోజు బండి నడిపింది వరంగల్ నుంచి వచ్చిన మా బావ, ఆయన ఫోన్‌నే నమ్ముకొని నడుపుతున్నడు. ఫ్లైఓవర్ ఎక్కినంక అప్పుడు చెప్పింది, ఎడమవైపు దిగమని. ఎడమకు చూస్తే పిట్టగోడ. దాని అవతల కింద సర్వీస్ రోడ్డు మీద లైట్లు కనపడుతున్నయి, పోవాల్సింది అక్కడికే, పోయే తొవ్వ మాత్రం లేదు. మళ్ల ముందుకు పోయి తిప్పుకొని వచ్చినం.

ఆ మ్యాపులో హైవే ఉన్నది, సర్వీస్ రోడ్డు కూడా ఉన్నది. తప్పు ఉన్నదల్లా ఒక్కకాడనే, ఒకదాన్ల నుంచి ఇంకోదాన్లకు ఎక్కడ దిగొచ్చో ఆ చోటు అసలు చోటు కంటే ముందుకు జరిగి ఉన్నది.

అది జరిగిన కొన్నాళ్లకే కాలిఫోర్నియాలో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసిండు, నేను ఖాళీ ఉన్నప్పుడల్లా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ల, అంటే ఎవరైనా గీసి దిద్దే ఇంటర్నెట్ మ్యాపులో, రోడ్లు ఎక్కిస్తుంటనని వానికి తెలుసు. "అన్నా, కార్‌పూల్ లేన్ల పోతున్న, పక్కనేమో దాటొద్దని రెండు పట్టీలు, మ్యాపేమో ఒక మైలుల కుడికి ఎగ్జిట్ తీసుకో అంటది, ఎట్ల తీసుకోవాలె చెప్పు? బయటికి వచ్చే గ్యాప్ ఎప్పుడో వెనకనే పోయింది" అన్నడు. నార్కట్‌పల్లిల మాకు అయిందే అక్కడ వానికి అయింది. మా కాడ అడ్డం ఉన్నది గోడ, వాని కాడ అడ్డం ఉన్నది పెయింటు, అంతే తేడా. ఆ తేడా మీదనే రోడ్డు మ్యాపులు గీసేటోళ్ల మధ్య ఏండ్ల తరబడి వాదన నడుస్తుంది, కార్‌పూల్ లేన్‌ని మామూలు రోడ్డుతో కలిపి ఒక్క గీతగా గీయాలా, విడదీసి రెండు గీతలు గీయాలా అని. చూస్తే చిన్నగ కనపడతది గాని లోపలికి పోతే మస్తు చిక్కుముడులు ఉన్నయి.

ఇక్కడ్నుంచి రోడ్డు మీద వేసిన పెయింటును పట్టీ అంట, మ్యాపులో గీసేదాన్ని గీత అంట, రెండూ కలవకుండ.

ముందు కార్‌పూల్ లేన్ అంటే ఏంది

అమెరికా పెద్ద హైవేల మీద ఒక లేన్‌ని ఎక్కువమంది ఎక్కిన బండ్లకే ఉంచుతరు, దాన్ని హెచ్‌ఓవీ లేన్ అని కూడా అంటరు. కొన్నిచోట్ల డ్రైవర్‌తో కలిపి ఇద్దరుంటే చాలు, కొన్నిచోట్ల ముగ్గురుండాలె. బస్సులు పోవచ్చు, మోటర్‌సైకిల్ మీద ఒక్కడే ఉన్నా పోవచ్చు. లేన్ మధ్యల తెల్లగ డైమండ్ గుర్తు వేసి ఉంటది. ఒక్కడే కారేసుకొని అందుల దూరితే కాలిఫోర్నియాలో ఫైన్ 490 డాలర్లకు తక్కువ ఉండదు, బోర్డు మీదనే రాసి పెడతరు.

ఇది కొత్త ముచ్చట కాదు. 1969ల వాషింగ్టన్ పక్కన వర్జీనియాలో షర్లీ హైవే మీద బస్సులకని విడిగా లేన్లు పెట్టిండ్రు, 1973ల కార్‌పూల్ బండ్లను కూడా రానిచ్చిండ్రు. అదే 1973ల లాస్ ఏంజెలస్‌ల ఎల్ మోంటె బస్‌వే మొదలైంది. తర్వాత ఒక్కడే పోయేటోడు కూడా పైసలు కడితే రానిచ్చే పద్ధతి వచ్చింది, వాటిని ఎక్స్‌ప్రెస్ లేన్లు అంటరు.

మన తెలంగాణల ఇట్లాంటి లేన్ లేదు. దగ్గరి పోలిక కావాలంటే విజయవాడ పోయినప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు చూడుండ్రి, బస్సులకని నడిమిట్ల విడదీసి కట్టింది. బెంగళూరుల 2019ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గుంజలు పాతి బస్సులకు ఒక లేన్ విడిచిండ్రు. ఇంకోటి గుర్తుంచుకోవాలె, అక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్క నడుస్తయి కాబట్టి డివైడర్‌కు ఆనుకొని ఉండే లేన్ వాళ్లకు ఎడమ చివరన ఉంటది, ఎగ్జిట్‌లు కుడికి. కార్‌పూల్ లేన్ ఎక్కువగా ఆ ఎడమ చివరనే పెడతరు. అంటే అందుల ఉన్నోడు ఎగ్జిట్ తీసుకోవాలంటే మిగతా లేన్లన్నీ దాటుకుంట కుడికి రావాలె. ఇబ్బందంతా ఇక్కడనే మొదలైతది.

విడదీసేది ఏంది అన్నదాని మీదనే అంతా ఉన్నది

"విడిగా ఉన్న లేన్" అని ఒక్క మాటల అంటం గాని విడదీసేటివి రకరకాలు.

ఒకటి కాంక్రీట్ గోడ. హ్యూస్టన్‌ల కేటీ ఫ్రీవే మీద 1984ల తెరిచిన పాత లేన్ అట్లనే ఉండె, రెండు పక్కల గోడ, పొద్దున ఊర్లకు పోయే దిక్కు, సాయంత్రం బయటికి వచ్చే దిక్కు. లోపలికి పోయినోడు తొవ్వ ఇచ్చిన కాడనే బయటికి రావాలె, ఇంకో మాట లేదు.

రెండోది ప్లాస్టిక్ గుంజలు. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీల 91వ నంబర్ హైవే మీద 1995 డిసెంబర్‌ల ఎక్స్‌ప్రెస్ లేన్లు మొదలైనయి, దాదాపు 16 కిలోమీటర్లు, పక్క లేన్లకు వీటికి మధ్యన వరుసగ ప్లాస్టిక్ గుంజలే. మొదలు కట్టినప్పుడు ఆ 16 కిలోమీటర్లల్ల మధ్యన ఎక్కడా ఎక్కుడు దిగుడు లేదు. గుంజను బండి గుద్దితే వంగి మళ్ల లేస్తది, అంటే గోడ కాదు, కానీ ఎవరూ దాంట్లకెళ్లి పోరు.

మూడోది పెయింటు. దక్షిణ కాలిఫోర్నియాలో చాలా కార్‌పూల్ లేన్ల పక్కన జంట పట్టీలు, కొన్నిచోట్ల వాటి నడుమ ఒక మీటరో ఇంకా ఎక్కువో ఖాళీ జాగ ఉంటది. ఆ జంట పట్టీలు దాటుడు నేరం. మధ్యమధ్యల పట్టీలు ముక్కలు ముక్కలుగ మారి కొన్ని వందల మీటర్లు గ్యాప్ ఇస్తరు, అక్కడనే లోపలికి పోవాలె, అక్కడనే బయటికి రావాలె. ఉత్తర కాలిఫోర్నియా పద్ధతి వేరు, అక్కడ చాలాచోట్ల ముక్కల పట్టీనే, ఎక్కడ కావాలంటే అక్కడ మారొచ్చు, టైమ్ మాత్రం పొద్దున సాయంత్రం రద్దీ గంటలే, మిగతా టైమ్‌ల అది మామూలు లేన్.

గోడ కాడ గొడవ లేదు, రెండు గీతలు గీయాలె. ముక్కల పట్టీ కాడ గొడవ లేదు, ఒక్క గీతనే. పంచాయితీ అంతా నడుమ ఉన్న రెండిటి మీదనే.

మ్యాప్ లోపల రోడ్డు ఎట్ల ఉంటది

మనకు స్క్రీన్ మీద రంగు వేసిన వెడల్పాటి రోడ్డు కనపడతది గాని లోపల ఉండేది సన్నటి గీత. 2004ల బ్రిటన్‌ల మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నే తీసుకుంటే, అందుల ముందు నోడ్ ఉంటది, అంటే భూమ్మీద ఒక బిందువు. నోడ్లను దారానికి పూసలు కుచ్చినట్టు కుచ్చితే వే అయితది, అదే గీత. ఆ గీతకు చీటీలు కట్టినట్టు ట్యాగ్‌లు కడతరు: ఇది మోటర్‌వే, ఇది వన్‌వే, నాలుగు లేన్లు, స్పీడ్ లిమిట్ ఇంత అని. ఎన్ని లేన్లున్నా గీత ఒక్కటే, లేన్లన్నీ ట్యాగ్‌లనే ఉంటయి.

మధ్యన డివైడర్ ఉన్న హైవేకు పోయే దిక్కు ఒక గీత, వచ్చే దిక్కు ఒక గీత. ఇక్కడ అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటి ఉన్నది, భూమ్మీద నిజంగ అడ్డం ఉంటేనే గీతను విడదీయాలె, పెయింటు ఉన్నంత మాత్రాన విడదీయొద్దు. సూర్యాపేట దిక్కు పోయే 65వ నంబర్ హైవేకు నడుమ డివైడర్ ఉన్నది కాబట్టి రెండు గీతలు. ఊర్లకు పోయే రోడ్డు నడిమిట్ల జంట పట్టీలు ఉంటే అది ఒక్క గీతనే.

రూట్ చెప్పే సాఫ్ట్‌వేర్‌కు బొమ్మ తోటి పని లేదు. దానికి కావాల్సింది ఏ గీత ఏ నోడ్ కాడ ఏ గీతకు కలుస్తది అన్నదే. కలిసిన కాడ మర్లొచ్చు, కలవని కాడ మర్లలేం. అంటే మ్యాప్ రెండు పనులు చేస్తుంది, రోడ్డు ఎట్ల ఉన్నదో చూపెడుతుంది, ఎక్కడ్నుంచి ఎక్కడికి పోవచ్చో చెప్తుంది. గోడ ఉన్నకాడ ఈ రెండు పనులకు ఒకటే జవాబు. జంట పట్టీల కాడ బొమ్మ ఒకటి చెప్తది, తొవ్వ ఇంకోటి చెప్తది.

మా దిక్కు ఇదే తిరగబడి కనపడతది. హైవే డివైడర్‌ని అక్కడక్కడ పగలగొట్టి బైకులు దాటేటట్టు చేసుకున్న సందులు ఉంటయి, అక్కడ పానాలు పోయినయి కూడా. ఆ సందుల బండి పడతది గాని చట్టం ఒప్పుకోదు, జంట పట్టీలు కూడా గంతే. ఆ సందును మ్యాపులో దారిగ పెట్టి జనాన్ని అటు తోలుడు ఎంత తప్పో, జంట పట్టీలను లెక్కచేయకుండ "ఇప్పుడు కుడికి రా" అనుడు కూడా అంతే తప్పని నేననుకుంట.

ఒక్క గీతల సర్దితే ఏమైతది: ఒక లెక్క

ఏడు కిలోమీటర్ల రోడ్డు ముక్క అనుకుందం. ఒకే దిక్కు నాలుగు లేన్లు. ఎడమ చివరది కార్‌పూల్, దాని పక్కన జంట పట్టీలు. 3 కిలోమీటర్ల కాడ గ్యాప్ మొదలై 3.4 కాడ అయిపోతది. మళ్ల గ్యాప్ 7 కాడ. మనం దిగాల్సిన ఎగ్జిట్ 6 కిలోమీటర్ల కాడ, కుడికి.

ఒక్క గీత పద్ధతిల గీత ఒకటే, ట్యాగ్‌ల లేన్ల వివరం ఎడమ నుంచి కుడికి నిలువు గీతలు పెట్టి రాస్తరు. హెచ్‌ఓవీ లేన్స్ అనే ట్యాగ్‌ల మొదటి లేన్‌కు "డిజిగ్నేటెడ్" అని, అంటే కార్‌పూల్‌కే ఉంచిందని, మిగతా మూడింటికి "యస్" అని, అంటే కార్‌పూల్ బండ్లు కూడా పోవచ్చని. చేంజ్ లేన్స్ అనే ఇంకో ట్యాగ్‌ల ఏ లేన్ నుంచి ఎటు మారొచ్చో రాస్తరు. జంట పట్టీలు ఉన్నకాడ దాని అర్థం ఇట్ల వస్తది: మొదటి లేన్ మారొద్దు, రెండో లేన్ ఎడమకు మారొద్దు, మూడు నాలుగు ఇష్టం. గ్యాప్ కాడ ఈ రాత మారాలె కాబట్టి అదే గీతను 3 కాడ, 3.4 కాడ కోసి మూడు ముక్కలు చేయాలె. కోసినా గీత తెగినట్టు కాదు, కోసిన నోడ్ కాడ కలిసే ఉంటది.

రాత పక్కాగ ఉన్నది, నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. కానీ దాన్ని చదివేటోళ్లు తక్కువ. రూట్ లెక్కేసే సాఫ్ట్‌వేర్ చాలామటుకు గీత నుంచి గీతకు పోతది గాని లేన్ నుంచి లేన్‌కు పోదు. దానికి మన బండి ఏ లేన్ల ఉన్నదో పట్టింపు లేదు. ఎగ్జిట్ 6 కాడ ఉంటే రెండు కిలోమీటర్ల ముందు, అంటే 4 కాడ, కుడికి రమ్మని చెప్తది. అప్పటికి గ్యాప్ అయిపోయి 600 మీటర్లు అయింది, గంటకు 100 స్పీడుల 22 సెకన్లు. ఇగ రెండే తొవ్వలు, జంట పట్టీలు దాటి తప్పు చేయాలె, లేకపోతే 7 దాకా పోయి తిప్పుకొని రావాలె. మా తమ్మునికి అయింది అచ్చం ఇదే.

రెండు గీతలు గీస్తే అదే లెక్క ఎట్ల మారుతది

ఇప్పుడు కార్‌పూల్ లేన్‌కు ఒక గీత, మిగతా మూడు లేన్లకు ఒక గీత. కార్‌పూల్ గీతకు ట్యాగ్‌లు: మోటర్‌వే, వన్‌వే, లేన్స్ ఒకటి, హెచ్‌ఓవీ డిజిగ్నేటెడ్. గ్యాప్ కాడ రెండిటిని కలుపుత చిన్న లింకులు, లోపలికి ఒకటి బయటికి ఒకటి. 6 కాడి ఎగ్జిట్ మూడు లేన్ల గీతకే అతికి ఉంటది.

సాఫ్ట్‌వేర్‌కు కొత్తగ ఏం నేర్పాల్సిన పని లేదు. కార్‌పూల్ గీత మీద ఉన్న బండి ఎగ్జిట్‌కు పోవాలంటే 3 కాడి లింకు పట్టుకోవాల్సిందే, ఇంకో తొవ్వ లేదు. కాబట్టి 3 రాకముందే కుడికి ఉండమని చెప్తది. కార్‌పూల్ లేన్ల వేగంగ పోతున్న బండ్ల టైమ్ వేరే, పక్కన జాములో నిలబడ్డోళ్ల టైమ్ వేరే, రెండు గీతలకు విడివిడిగ లెక్క కట్టొచ్చు.

ఇది చూస్తే వాదన అయిపోయినట్టే అనిపిస్తది. నాక్కూడ మొదట్ల అట్లనే అనిపించింది, జీపీఎస్ లెక్క చూసేదాకా.

ఫోన్‌కు మనం ఏ లేన్ల ఉన్నమో తెల్వదు

మామూలు ఫోన్ జీపీఎస్ పైన ఆకాశం సాఫ్‌గ ఉన్నకాడ కూడా దాదాపు 5 మీటర్లు అటుఇటు చూపెడతది. అమెరికా హైవే లేన్ వెడల్పు 3.6 మీటర్లు. పట్టీల నడుమ ఖాళీ ఒక మీటర్ అనుకుందం. కార్‌పూల్ గీత ఆ లేన్ నడిమిట్ల, అంటే ఎడమ అంచు నుంచి 1.8 మీటర్ల కాడ ఉంటది. మూడు లేన్ల గీత ఆ మూడింటి నడిమిట్ల, అంటే 3.6కు ఒకటి కలిపి, ఇంకో 5.4 కలిపితే 10 మీటర్ల కాడ. ఇప్పుడు జంట పట్టీలకు ఆనుకొని ఉన్న మామూలు లేన్ల ఒక బండి పోతుంది, అది 6.4 మీటర్ల కాడ ఉన్నట్టు. దానికి తన సొంత గీత 3.6 మీటర్ల దూరం, కార్‌పూల్ గీత 4.6 మీటర్ల దూరం. తేడా ఒక్క మీటర్, ఫోన్ తప్పు 5 మీటర్లు.

అంటే ఆ లేన్ల ఉన్న బండిని ఫోన్ ఏ గీత మీద కూసోబెడతదో గ్యారంటీ లేదు. రెండు గీతలు ఒకే దిక్కు పోతున్నయి కాబట్టి దిక్కు చూసి గుర్తుపట్టేది లేదు. ఒక్కడే పోతున్నోడు మామూలు లేన్ల ఉంటే, కార్‌పూల్ గీత మీద ఉన్నడనుకొని "తర్వాతి గ్యాప్ కాడ బయటికి రా" అని చెప్తది, లేదంటే ఎగ్జిట్ లేదని వేరే దారి వెతుకుతది. మన హైవేల మీద సర్వీస్ రోడ్డుల ఉన్నోన్ని పైన హైవే మీద ఉన్నవనుడు, మళ్ల తిరిగి కిందికి తెచ్చుడు మనం రోజూ చూస్తున్నదే. జడ్చర్ల కాడ మహబూబ్‌నగర్ దిక్కు మర్లేటోళ్లను అడగండి, చెప్తరు.

గోడ ఉన్నకాడ కూడా ఫోన్ ఇట్ల పక్క గీత మీదికి లాగుడు ఉంటది, కాదనను. కానీ అక్కడ గీత విడదీయక తప్పదు, పెయింటు కాడ మనమే కోరి తెచ్చుకున్నట్టు అయితది.

రెండు పక్షాల మాట

ఒక్క గీత చాలు అనేటోళ్ల మాటల బలమున్నది. మ్యాపులో రెండు గీతలు ఉంటే మధ్యన అడ్డం ఉన్నదని అర్థం. పెయింటుకు కూడా విడదీస్తే ఆ అర్థమే పోతది. ఆంబులెన్సు, పోలీసు బండి, యాక్సిడెంట్ అయితే పక్కకు మళ్లించే ట్రాఫిక్, ఇవన్నీ పట్టీలు దాటుతయి, గోడను దాటలేవు, ఆ తేడా డేటాల కనపడాలె. పట్టీలు ఈరోజు ఉంటయి, రేపు మళ్ల తారు వేసి చెరిపేసి వేరే చోట వేస్తరు, గ్యాప్‌లు కూడా మారుతయి, అప్పుడు ట్యాగ్ మార్చుడు సులువు, గీతలు పీకి మళ్ల అతికిచ్చుడు కష్టం, మధ్యల ఏదో ఒకకాడ తెగుతది. ఇంకోటి, 400 మీటర్ల గ్యాప్ పొడుగూత ఎక్కడైనా మారొచ్చు, దాన్ని ఒకే ఒక లింకుగ గీస్తే లేని సంగతి కల్పించినట్టు అయితది. సాఫ్ట్‌వేర్ చదవట్లేదని డేటాను వంచుడు ఎందుకు, సాఫ్ట్‌వేర్‌నే నేర్చుకోమనాలె అంటరు.

రెండు గీతలు కావాలనేటోళ్లు ఇట్ల అడుగుతరు: కొన్ని కిలోమీటర్ల పొడుగు దాటరాని చోట, ఒక్కోసారి మధ్యల ఎగ్జిట్‌లు దాటిపోయేంత పొడుగు, ఆ లేన్ వేరే రోడ్డు లెక్కనే నడుస్తుంది గదా? దానికి సొంత బోర్డులు, సొంత ఎగ్జిట్‌లు, కొన్నిచోట్ల సొంత ఫ్లైఓవర్లు. గోడ వచ్చిన కాడ విడదీసి, గోడ ఆగిన కాడ కలిపి, మళ్ల గోడ వస్తే విడదీసి ఇట్ల చేస్తే ఒకే లేన్ ముక్కలు ముక్కలై పోతది, కలిసిన ప్రతి నోడ్ కాడ సాఫ్ట్‌వేర్ లేని మలుపు ఉన్నదనుకుంటది. చదివేటోడు లేని ట్యాగ్ ఎంత పక్కాగ రాసినా బండి నడిపేటోనికి పనికిరాదు అంటరు.

నా మాట అడిగితే, 91వ హైవే లెక్క వరుస గుంజలు ఉండి, గ్యాప్‌లు దూరం దూరం ఉంటే రెండు గీతలే న్యాయం. గుంజ వంగొచ్చు గాని అది భూమ్మీద నిలబడ్డ అడ్డమే, బండి నడిపేటోడు దాన్ని గోడ లెక్కనే చూస్తడు. ఒట్టి పట్టీలైతే ఒక్క గీతనే ఉంచి, చేంజ్ లేన్స్ ట్యాగ్ గ్యాప్ గ్యాప్‌కు కోసి కచ్చితంగ రాయాలె. పట్టీల నడుమ ఖాళీ జాగ మీటర్ల కొద్ది వెడల్పు ఉన్నకాడ నేను ఇప్పటికీ ఒక మాట మీద నిలబడలేకపోతున్న. ఎక్కడ చూసినా ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం గ్యాప్‌లను అందాజ మీద పెట్టుడే. ఒక్క గీత అయినా రెండు అయినా గ్యాప్ 300 మీటర్లు పక్కకు పోతే రెండూ ఒకటే తీర్గ తప్పు చెప్తయి.

కొత్తగ ఇంకో తొవ్వ కూడా ఉన్నది. డ్రైవర్ లేకుండ నడిచే బండ్ల కోసం తయారుచేసే మ్యాపులల్ల ప్రతి లేన్‌కు సొంత ఉనికి ఉంటది. జర్మనీల కార్ల్‌స్రూయెల తయారైన లేన్‌లెట్2 అట్లాంటిది, అందుల లేన్ అంటే ఎడమ అంచు, కుడి అంచు, ఆ అంచు గోడనా, దాటే పట్టీనా, దాటొద్దని పట్టీనా అన్నది అంచు మీదనే రాసి ఉంటది. ఒక్క గీతనా రెండా అన్న ప్రశ్నే రాదు. కాకపోతే ఒక ఊరికి అట్ల గీయాలంటేనే పట్టే పని చానా ఎక్కువ, ఇండ్లల్ల కూసొని ఖాళీ టైమ్‌ల చేసేటోళ్లతోని అయ్యేది కాదు.

ఎవర్ని పోనియ్యాలె, ఎప్పుడు పోనియ్యాలె

గీత ముచ్చట తేలినా ఇంకో ముడి మిగిలే ఉంటది. రెండు గీతలు గీసి కార్‌పూల్ గీతకు హెచ్‌ఓవీ ట్యాగ్ ఒక్కటే పెట్టినం అనుకోండి. ఆ ట్యాగ్ తెల్వని సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీగ ఉన్న మంచి మోటర్‌వే లెక్క కనపడతది, ఒక్కడే పోతున్నోన్ని తీసుకపోయి అందుల ఏస్తది, 490 డాలర్ల ఫైన్ వానికి పడతది. పోనీ కార్లకే బంద్ అని ట్యాగ్ పెడితే, నలుగురు కూసొని పోతున్న బండికి కూడా దారి చూపెట్టదు. ఒక్క గీత పద్ధతిల ఈ ప్రమాదం తక్కువ, గీత అందరిది కాబట్టి. రూట్ సాఫ్ట్‌వేర్లల్ల వల్‌హల్లా అనేదాన్ల ఇద్దరి లేన్ కలుపుకోవాలా, ముగ్గురి లేన్ కలుపుకోవాలా, పైసలు కట్టే లేన్ కలుపుకోవాలా అని విడివిడిగ అడగొచ్చు. ఓఎస్‌ఆర్‌ఎం అనే ఇంకో రూట్ సాఫ్ట్‌వేర్ కారు రూట్ కట్టేటప్పుడు కార్‌పూల్‌కే రాసిపెట్టిన గీతను తప్పిస్తది. అందరు ఇట్ల చేస్తే సగం గొడవ పోతది.

పైసలు కట్టే లేన్ల కాడ కాలిఫోర్నియాలో ఫాస్‌ట్రాక్ అనే డబ్బా ఉంటది, మన ఫాస్టాగ్ లాంటిదే. దాన్ల ఒక రకానికి ఒకటి, రెండు, మూడు అని స్విచ్ ఉంటది, బండిల ఎంతమంది ఉన్నరో పెట్టుకోవాలె. మన పంతంగి టోల్ కాడ బండి రకాన్ని బట్టి రేటు, అక్కడ మనుషుల లెక్కను బట్టి, రద్దీని బట్టి కూడా రేటు. మ్యాపులో ఇవన్నీ షరతుల ట్యాగ్‌లుగ రాయాలె: సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఇన్ని గంటలు అని. శాన్‌డియేగోల 15వ నంబర్ ఇంటర్‌స్టేట్ మీదైతే నడిమి గోడనే ఒక మిషన్ జిప్పు లాగినట్టు ఎత్తి పక్క లేన్‌కు జరుపుతది, అటు దిక్కు రద్దీ ఉంటే అటు ఒక లేన్ ఎక్కువ. అక్కడ గోడ ఉన్నది గాని అది ఒకకాడ ఉండదు, గీత ఎన్ని లేన్లదో గంటకో తీర్గ. దిక్కే మారే లేన్లకు వన్‌వే ట్యాగ్‌ల "రివర్సిబుల్" అని రాసే పద్ధతి ఉన్నది.

మన హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద కూడా ఇట్లాంటి ముక్క ఒకటి ఉన్నది. 2023ల స్పీడ్ లిమిట్ 120కి పెంచినప్పుడు లోపలి లేన్లకు ఒక లిమిట్, బయటి లేన్లకు ఇంకో లిమిట్ పెట్టిండ్రు. నడుమ గోడ లేదు, లేన్‌కో నియమం. దానికి ఎవరూ గీత విడదీయరు, లేన్లవారీగ ట్యాగ్ రాస్తరు. పక్కనున్న సర్వీస్ రోడ్డు మాత్రం విడి గీత, అడ్డం ఉన్నది కాబట్టి.

పైనుంచి చూస్తే గోడా పట్టీ ఒకటే లెక్క

నల్గొండల కూసొని కాలిఫోర్నియా రోడ్డు గీయాలంటే శాటిలైట్ ఫోటోనే ఆధారం. తమ్ముడు చెప్పిన చోటు తెరిచి చూసిన. పైనుంచి జంట పట్టీలు సన్నటి దారాల లెక్క కనపడ్డయి, పక్క కిలోమీటర్ల కాంక్రీట్ గోడ కూడా దాదాపు అట్లనే తెల్లటి చార. తేడా చెప్పింది నీడ. గోడ పక్కన ఒక దిక్కే నల్లటి అంచు పడ్డది, పట్టీల పక్కన ఏమీ లేదు. గుంజలు ఉన్నకాడైతే ఇంకా దగ్గరికి పోయి చూడాలె, సమాన దూరంల చిన్న చిన్న చుక్కలు, చుక్క చుక్కకు వెంట్రుకంత నీడ. మధ్యాహ్నం తీసిన ఫోటోల అది కూడా కనపడదు. అందుకే "ఫోటోల పట్టీ లెక్కనే ఉన్నది" అని ఇంట్ల కూసొని రెండు గీతలను ఒకటి చేయొద్దు, ఒకదాన్ని రెండు చేయొద్దు, ఆ రోడ్డు మీద పోయేటోన్ని అడగాలె.

నేను తమ్మున్నే అడిగిన. "తమ్మీ, ఈసారి పక్క సీట్ల ఎవరన్న ఉన్నప్పుడు గ్యాప్ మొదలైన కాడ, అయిపోయిన కాడ ఫోటో కొట్టమను, నువ్వు నడుపుకుంట కొట్టకు" అన్న. వారం తర్వాత మరదలు నాలుగు ఫోటోలు పంపింది. అక్కడ ఒట్టి పట్టీలే, గుంజలు లేవు. మ్యాపులో అంతకు ముందు ఎవరో ఒక్క గీతనే గీసి చేంజ్ లేన్స్ రాసిండ్రు, బాగనే రాసిండ్రు, కానీ గ్యాప్ కాడ కోయలేదు, మొత్తం పొడుగూత దాటొద్దనే ఉన్నది. ఫోటోలల్ల పక్కనున్న బోర్డు స్తంభం, పైన బ్రిడ్జి అంచు చూసుకొని గీతను రెండు చోట్ల కోసిన, నడిమి ముక్కల మొదటి రెండు లేన్లకు మారొచ్చు అని రాసిన. గీత ఒక్కటే ఉంచిన. నార్కట్‌పల్లి కాడ మాత్రం ఫ్లైఓవర్ మొదలుకు ముందు సర్వీస్ రోడ్డులకు దిగే చోటు నేనే పగటిపూట పోయి, బండి ఆపి, నడిచి చూసి, ఆ లింకును ఉన్నకాడికి వెనక్కి జరిపిన.